బొటనవేలికి కట్టిన పీలిక

"అక్కా, ఇవాళ దీన్ని కత్తిరించేస్తున్నాను!" రిజలిన్ మంచం మీద లేచి కూర్చుని కత్తెర అందుకుంది.

ఆమె ఎడమ మణికట్టుకు కట్టిన కట్టుగుడ్డ పీలిక పక్క మంచం దాకా వెళ్ళి, నెనీత కాలి బొటనవేలికి ముడిపడి ఉంది. ఇద్దరూ ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్ళో నర్సులు. నెల రోజులుగా రాత్రి డ్యూటీ. పగలు కిటికీకి అట్టలు అడ్డం పెట్టుకుని హాస్టల్లో ఒకే గదిలో నిద్ర.

"కత్తిరిస్తే నా గతేం కావాలే? నిద్రలోనే ప్రాణం తీసే బంగుంగుత్ మా నాన్నని తీసుకుపోయింది. బొటనవేలు కదిపితే మెలకువ వస్తుందంటారు. నా వేలు గిలగిల్లాడితే నీకు తెలియాలనేగా ఇది!"

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు చేసి ఇంకా ఆ నమ్మకాలేనా? ఇవాళ ఇప్పటికే మూడుసార్లు లాగావు. ఉలిక్కిపడి చూస్తే నువ్వు నిక్షేపంగా కూర్చుని నన్నే చూస్తున్నావు."

"పీడకల వచ్చిందే."

"రోజూనా? నిద్ర చాలక నిన్న నాలుగో మంచం సెలైన్ ఆరో మంచానికి పెట్టబోయాను. నువ్వు చెయ్యి పట్టుకున్నావు గనక సరిపోయింది. ఎవరి ప్రాణమైనా పోతే? ఎదురుగా జోసెలిన్ గదిలోకి మారిపోతున్నాను. వార్డెన్ సరేనంది."

నెనీత కత్తెర తీసుకుని రిజలిన్ మణికట్టు దగ్గర ముడి తనే కత్తిరించింది. తన కాలి ముడీ విప్పి, పీలికను మెల్లగా చేతివేలికి చుట్టుకుంది.

"నా దుప్పటి తీసుకెళ్ళు. ఆ గదిలో ఫ్యాను గాలి ఎక్కువ. తిన్నవెంటనే పడుకోకు. వెల్లకిలా అసలే పడుకోకు."

"జబ్బు నీకూ, పథ్యం నాకూనా!" రిజలిన్ పకపకా నవ్వింది. నెనీత భుజం మీద తల ఆనించి, "కోపం తెచ్చుకోకు అక్కా. ఎదురు గదేగా. కావాలంటే నీ వేలికో గంట కట్టుకో, నేనే పరుగెత్తుకొస్తాను" అని స్నానానికి వెళ్ళింది.

నీళ్ళ చప్పుడు మొదలవగానే నెనీత ఎదురు గది తలుపు తట్టింది. జోసెలిన్ చేతిలో ఆ పీలిక పెట్టింది.

"ఒక కొస దాని చేతికి కట్టు, ఇంకోటి నీ బొటనవేలికి. పీడకలలు నీకే వస్తాయని చెప్పు. శుక్రవారం ఏదో వంక పెట్టి దాన్ని డాక్టరమ్మకి చూపిస్తాను. అప్పటిదాకా నోరు జారకు. తెలిస్తే భయంతో కన్ను మూయదు పిచ్చిది."

"అంటే... నీ జబ్బో అక్కా?"

"నాకే జబ్బూ లేదే. నిద్రలో ఊపిరాడక మూలుగుతూ చెయ్యి కొట్టుకునేది అదే. నీ వేలు లాగినట్టవగానే లేచి నువ్వూ ఒక్కసారి గట్టిగా లాగు, మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది."