ఒక దండ తక్కువ

తెల్లవారగానే పటమటలో ప్రతి బాల్కనీకీ ఒక ఎగిరే పూలబుట్ట వచ్చి వాలుతుంది. కూజాలోకి గులాబీలు, దేవుడికి చామంతులు, ఆడవాళ్ల జడల్లోకి మల్లెదండలు, ఏ ఇంటికి ఎన్ని కావాలో అడక్కుండానే తెస్తుంది. అది రావడం మొదలయ్యాక అక్కడే ఉండే ఇల్లాలు రాజ్యానికి పొద్దుటిపూట చిరాకే లేకుండా పోయింది. ఇల్లంతా ఆ వాసనతోనే నిద్ర లేచేది.

భర్త పోయి, మైల తీరాక, ఇవాళే బుట్ట మళ్లీ వచ్చింది. అందులో ఒక్క దండే ఉంది, కూతురు లహరిది.

రాజ్యం బుట్ట అడుగుదాకా వెతికింది. వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించి, ఊరికే ఆర్పేసి, మళ్లీ బాల్కనీలోకి వచ్చింది. చెయ్యి మాటిమాటికీ జడ మీదికే పోతోంది.

"దీనికి నువ్వేమైనా చెప్పావుటే?"

"నేనెందుకు చెప్తానమ్మా! మగమనిషి పోయిన ఇళ్లలో జడపూలు వాడకుండా పారేస్తుంటే, చూసి చూసి అదే నేర్చుకుంది."

"మీ నాన్నెవరో నాకు తెలియనప్పటి నుంచీ పెట్టుకుంటున్నానే నేను!"

బుట్ట ఇంకా రెయిలింగ్ మీదే ఉంది. తెచ్చిన పూలు ఏమవుతున్నాయో చూసుకుంటే గానీ అది కదలదు. లహరి తన దండని సగానికి తుంచింది.

"లోపలికి రామ్మా, పెడతాను. ఎదురింటివాళ్లు చూస్తున్నారు."

రాజ్యం కదల్లేదు. బుట్టకున్న చిన్న కంటికి తన జడ కనబడేలా తిరిగి నిలబడింది.

"ఇక్కడే పెట్టు. చూసి నేర్చుకుంటుందన్నావుగా, నేర్చుకోనీ."