వాన వెలిసింది, గొడుగు మడిచెయ్

అంబులెన్సు కాల్ సెంటర్లో ఆవిడని అందరూ హెడ్మాస్టరమ్మ అంటారు. ఫోన్ చేసినవాళ్ళు నాన్చుడు మొదలుపెడితే ఊరుకునే రకం కాదు మరి.

ఆ మధ్యాహ్నం ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పొద్దుటి నుంచి తలనొప్పి ఒకటి. రెండు గ్లాసుల నీళ్ళు తాగినా ఏదీ తగ్గలేదు.

"ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు మేడమ్," అంది పక్క సీటమ్మాయి.

"ఇంకెవరు, మా అత్తగారు. పొగడడానికి మాత్రం కాదు."

ఇంతలో ఫోన్ మోగింది. అవతల ఓ పెద్దాయన.

"మా ఆవిడ పొద్దుటి నుంచీ నీరసంగా ఉందండీ. తల తిరుగుతోందట. పనెక్కువై ఉంటుంది. మా అమ్మాయి పోరు పడలేక చేశాను."

హెడ్మాస్టరమ్మ నిటారుగా కూర్చుంది. నాన్నకి మూతి వంకరపోయిన రోజు ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగెత్తారు. మరుసటేడు అమ్మ తల తిరుగుతోందంటే, పనెక్కువైంది, కాసేపు పడుకోమన్నారు. ఇద్దరికీ వచ్చింది పక్షవాతమే. నాన్న లేచి నడిచాడు. అమ్మ మళ్ళీ మాట్లాడలేదు.

"పనెక్కువా, గాడిదగుడ్డా! ఫోన్ స్పీకర్లో పెట్టి ఆవిణ్ణి నవ్వమనండి."

"నవ్విందండీ. మూతి బానే ఉంది."

"రెండు చేతులూ పైకెత్తమనండి."

"ఏంటండీ? సరిగ్గా అర్థం కాలేదు."

ఈ దిక్కుమాలిన హెడ్‌సెట్ ఎప్పుడూ ఇంతే. మైకు నోటికి దగ్గరగా లాక్కోబోతే వేళ్ళ సందునుంచి పెన్ను జారి కిందపడింది. గంటల తరబడి మోచెయ్యి బల్లకి ఆనించి కూర్చుంటే చెయ్యి తిమ్మిరెక్కదూ! వంగి తీసుకునే తీరిక లేదు. గొంతు పెంచి మళ్ళీ చెప్పింది.

"ఆఁ, ఎత్తిందండీ. రెండూ సమానంగానే ఉన్నాయి."

ఇక మాట పరీక్ష ఒక్కటే మిగిలింది. దానికి వాడే వాక్యం హెడ్మాస్టరమ్మ సొంతంగా కట్టుకున్నదే. నాలుక ఏమాత్రం మొరాయించినా అందులో దొరికిపోతుంది.

"అమ్మా, నేను అన్నది అన్నట్టు అనండి. 'వాన వెలిసింది, గొడుగు మడిచెయ్.'"

అవతల చిన్న తటపటాయింపు. తర్వాత ఆడగొంతు వినిపించింది.

"వావ వెయిసింది... గొగు మయిచె."

హెడ్మాస్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇంకొక్కసారి తల్లీ. నెమ్మదిగా. 'వాన వెలిసింది, గొడుగు మడిచెయ్.'"

"వావ వెయిసింది, గొగు మయిచె."

అనుమానం లేదు. తెర మీద చిరునామా సిద్ధంగా ఉంది. మీట నొక్కబోతే కుడిచేతి వేలు పక్కకి జారింది. విసుక్కుని ఎడమచేత్తో నొక్కింది. బండి బయల్దేరింది. ఇంకా వేళ మించిపోలేదు. అమ్మకి జరిగింది ఈ తల్లికి జరగనివ్వకూడదు. హెడ్మాస్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బండి వస్తోందండీ. మీ ఆవిడకి మాట పడిపోతోంది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకండి."

అవతల మొగుడూ పెళ్ళాలు ఏదో గుసగుసలాడుకున్నారు. పెద్దాయన భయం భయంగా మళ్ళీ ఫోన్ అందుకున్నాడు.

"మా ఆవిడ మాటకేం కాలేదమ్మా, మీరు ఎలా పలికారో రెండుసార్లూ అచ్చం అలాగే పలికింది."