పెదవాల్తేరులో లేని లాడ్జి

"బాత్‌రూము గదిలోనేనా అండీ, బయటా?"

సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురగతో గుమ్మంలోకి వచ్చిన గురునాథరావుకి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా హోల్డాలు మోస్తూ ఒకాయన, వెనక ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన చంకలో ఎర్రట్ట పుస్తకం.

"ఇది లాడ్జి కాదండీ. మేం కాపురముండే ఇల్లు."

"పుస్తకంలో ఉందే." ఆయన పేజీ తిప్పి చూపించాడు. "సాగర తీరం లాడ్జి, పెదవాల్తేరు, డోరు నంబరు 14-2-7."

"ఆ లాడ్జి నంబరు 14-7-2. అదీ మూతబడి మూడేళ్లయింది. అచ్చేసినవాడు అంకెలు తారుమారు చేశాడు."

"గుంటూరు నుంచి వచ్చామండీ. సాయంత్రం బీచిలో సూర్యుడు సముద్రంలో మునగడం పిల్లలకి చూపిద్దామని."

"మన సముద్రం తూర్పునుందండీ. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని మునగడు."

గుంటూరాయన మళ్లీ పుస్తకంలోకి చూశాడు. "ఇందులో మునుగుతాడనే ఉంది," అన్నాడు.

వంటింట్లోంచి గురునాథరావు భార్య గౌరీశ్వరి గొంతు వినిపించింది. "ఏటండీ, మళ్లీ వచ్చీసినారా? నా పేణం తీసెత్తన్నారు ఈ పుస్తకపోళ్లు." అలా తిట్టుకుంటూనే చెంబుతో నీళ్లు తెచ్చింది. "పిల్లల్ని ఎండలో నిలబెట్టీసినారేటి? కూకోనీండి. ఇంత తినీసి ఎల్తారు."

వాళ్లు రెండు రోజులున్నారు.

చోడవరం దగ్గర పల్లెలో పుట్టిన గురునాథరావు, ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో స్టోర్సు గుమాస్తా ఉద్యోగం దొరికి విశాఖపట్నం వచ్చాడు. పిల్లలు లేరు. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. పొద్దున్న ఆరింటికి బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. వచ్చినవాడు అన్నం తిని పడుకునేవాడు. ఆదివారం ఒక్కటే అతనిది. ఆ ఒక్క రోజూ ఈ 'విశాఖ విహారదర్శిని' మింగేసింది.

సింహాచలానికి వంద మెట్లని అందులో రాశారు. అది నమ్మి ఖమ్మం నుంచి వచ్చిన మాస్టారు వెయ్యి మెట్లెక్కి, మోకాళ్లు పట్టేసి, మూడు రోజులు వీళ్ల నడవలో పడుకున్నాడు. గౌరీశ్వరి ఆముదం వెచ్చబెట్టి కాపడానికి ఇచ్చింది. బీచి నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండకి గంటగంటకూ పడవ ఉంటుందని రాశారు. తెనాలి ముసలి దంపతులు ఆ పడవ కోసం మిట్టమధ్యాహ్నం దాకా ఇసకలో కూర్చుంటే, వలలు బాగుచేసుకుంటున్న జాలరి కన్నబాబు జాలిపడి ఇక్కడ దింపి వెళ్లాడు. డబ్బు పుచ్చుకుంటే నిజంగానే లాడ్జి అయిపోతుందని గురునాథరావు భయం. అందుకని ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు.

బెజవాడలో ఉన్న ఆ పుస్తకం కంపెనీకి ప్రతి ఆదివారం ఉత్తరం రాసేవాడు. గౌరీశ్వరి పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ చెప్పేది.

"ఇంకా గట్టిగా రాయండి. మా ఇంట్లో ఆడమనిషి పొయ్యికాడే సచ్చిపోతందని రాయండి."

రాసేవాడు. తనే జంక్షన్ దాకా నడిచి ఎర్ర డబ్బాలో వేసి వచ్చేవాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

రెండో ముద్రణ వచ్చింది. డోరు నంబరు అలాగే ఉంది. పైగా 'పిల్లలకు పాలు దొరుకును' అన్న ముక్క కొత్తగా చేరింది. మూడో ముద్రణలో 'మోకాళ్ల నొప్పులకు ఆముదం కాపడం కలదు' అని కూడా వేశారు. అది చదివి గురునాథరావు పుస్తకాన్ని గోడకేసి కొట్టాడు. ఇక్కడివాళ్లే ఎవరో కంపెనీకి సంగతులు అందిస్తున్నారని అర్థమైంది. తిన్నగా తీరానికి వెళ్లాడు.

"కన్నబాబూ, వాళ్లకి రాయిస్తన్నది నువ్వేనా?"

కన్నబాబు వల మీంచి తలెత్తాడు. "ఏటి రాయించేది బాబూ? నాకు సంతకవే రాదు. దారి తప్పినోళ్లని మీ ఇంటికాడ దింపుతన్నాను, అంతే."

"ఏల దింపుతన్నావ్? నేనేమన్నా సత్రం పెట్టానా?"

"మరి పంపీమంటే పంపీసినాను," అని గొణిగి అతను మళ్లీ వల అందుకున్నాడు. ఎవరు పంపమన్నారని అడిగితే పుస్తకం అన్నాడు. చదువు రానివాడికి పుస్తకం చెప్పిందిట. గురునాథరావుకి అనుమానం రూఢి అయిపోయింది.

కోర్టుకి లాగుతానని బెదిరిస్తూ ఈసారి రిజిస్టరు ఉత్తరం రాశాడు. పది రోజులకి, జ్వరంతో సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మంగళవారం మధ్యాహ్నం, పోస్ట్‌మాన్ కవరు తెచ్చి అతని చేతికే ఇచ్చాడు.

'అయ్యా, మీ ప్రతి ఉత్తరానికీ వెంటనే జవాబు రాస్తూనే ఉన్నాము. మీరు తీసివేయమని రాసిన వారంలోనే, ఉంచమని కోరుతూ మరో ఉత్తరం వస్తోంది. వాటిలో ఒకటి జత చేస్తున్నాము. ఎవరి మాట వినమంటారో మీరే తేల్చి చెప్పగలరు.'

అతను జత చేసిన కాగితం మడత విప్పాడు. రూళ్ల కాగితం మీద వంకరటింకర అక్షరాలు.

'అయ్యా, ఈ నంబరు మార్చకండి. కోపంగా రాసిన ఉత్తరాలు పట్టించుకోకండి. ఈ నెలలో ఎవరూ రాలేదు. ఇల్లు బావురుమంటోంది. పిల్లలున్నవాళ్లు వచ్చేలాగ పాలు దొరుకుతాయని కూడా వెయ్యండి.'

వీధి తలుపు చప్పుడైంది. "వచ్చీసినారు తల్లీ, వచ్చీసినారు," అని విసుక్కుంటూ గౌరీశ్వరి చెంబుతో నీళ్లు ముంచుకుని గబగబా గుమ్మంలోకి నడిచింది.

గురునాథరావు కాగితం అడుక్కి చూశాడు.

సంతకం గౌరీశ్వరిది.