నిచ్చెన మీది మనిషి

నాలుగో చలానా కూడా వచ్చింది.

అద్దాల వ్యాను డ్రైవరు కవరు చింపి చదివాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"ఈసారి ఎంత స్పీడట బావా?" అడిగాడు బావమరిది. వ్యానులోకి అద్దాలు ఎక్కించి దించే పని అతనిది.

"డెబ్బై ఒకటి."

బావమరిది నవ్వబోయి, బావ మొహం చూసి ఊరుకున్నాడు.

వెనకాల నిలువెత్తు కిటికీ అద్దాలు పెట్టుకుని ఎవడైనా డెబ్బైలో పోతాడా? నలభై దాటితే చాలు, పళ్లు కొరుకుతున్నట్టు కిరకిరలాడతాయి. పద్నాలుగేళ్లుగా ఆ చప్పుడుకి చెవి ఒగ్గే బండి నడుపుతున్నాడతను.

కాగితం అడుగున ఇంకో ముక్క ఉంది. సోమవారం నుంచి ఆర్నెల్లు లైసెన్సు రద్దు.

షాపు యజమాని అది చూసి, "ఈ లోడు దించేసి వచ్చి తాళాలు ఇచ్చెయ్" అన్నాడు.

"పిల్లల మీద ఒట్టు సార్. ఆ స్పీడులో నేను పోలేదు."

"నువ్వు పోలేదంటావు. కెమెరా పోయావంటుంది. నన్నేం చెయ్యమంటావు?"

వ్యాను బయల్దేరింది. డ్రైవరు దారి పొడుగునా లోపల సలసలా కాగిపోతున్నాడు.

వంతెన దిగగానే మలుపు. మలుపులో స్తంభం, స్తంభం మీద కెమెరా.

ఇవాళ దానికి నిచ్చెన ఆనించి ఉంది. పైన నారింజ రంగు కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కెమెరా మూతి పట్టుకుని ఏదో చేస్తున్నాడు.

"దొరికాడు" అన్నాడు డ్రైవరు.

"వద్దు బావా. పోనియ్."

అప్పటికే బ్రేకు పడింది. సీటు కింది జాకీ రాడ్డు చేతిలోకి వచ్చింది.

"ఏయ్! దిగరా కిందికి!"

పైనున్నాయన ఉలిక్కిపడ్డాడు. "ఒక్క నిమిషం బాబూ. కొలత తీసుకుంటున్నా. అయిపోవచ్చింది."

"ఇంకెంతమంది మెడకి ఉరి బిగించాలని కొలుస్తున్నావురా?"

"అది కాదు బాబూ, నా మాట విను..."

డ్రైవరు నిచ్చెన కాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

మనిషి ఫుట్‌పాత్ అంచు మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు వ్యానులో ఉన్న బావమరిదికి వినబడింది.

వెనకాల పాల లారీ ఆగింది. దాని వెనక రెండు టాక్సీలు ఆగాయి.

"ఏంటి గొడవ?"

"కెమెరావాడు దొరికాడు!"

ఆ ఒక్క మాట చాలింది. ఆ మలుపులో చలానా పడనివాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

పాల లారీవాడు బూటుకాలితో డొక్కలో తన్నాడు. టాక్సీవాడు జుట్టు పట్టి తల పైకెత్తి చెంపలు వాయించాడు. ఎవడో ఇటుకతో కెమెరా కన్ను పగలగొడితే చుట్టూ ఈలలు.

పెద్దాయన కెమెరా వంక చూడనైనా లేదు. విరిగిన చేతిని ఈడ్చుకుంటూ పాకి, కింద పెట్టిన తన సంచీ మీద బోర్లా పడ్డాడు. అందులో ఏదో యంత్రం, ఒక నోటుపుస్తకం.

"దీన్ని ముట్టుకోకండయ్యా. కావాలంటే నన్ను కొట్టండి!"

"తిన్న జీతానికి ఎంత విశ్వాసంరా వీడికి!"

కొట్టమన్నాడని కొట్టారు. తర్వాత అతన్ని పక్కకి దొర్లించి దాన్నీ కొట్టారు. నోటుపుస్తకాన్ని పరపరా చింపి కాలవలోకి విసిరారు. డ్రైవరు రాడ్డు నాలుగుసార్లు లేచింది. యంత్రం తునాతునకలైంది.

అయిదోసారి రాడ్డు యంత్రం మీద పడలేదు. మధ్యలో పెద్దాయన తల వచ్చింది.

ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి.

పాల లారీ కదిలిపోయింది. టాక్సీలు కనబడలేదు.

"బావా... కళ్లు తేలేస్తున్నాడు."

"చూస్తావేం? కాళ్లు పట్టుకో!"

ముందు సీట్లోకి ఎక్కించారు. తల బావమరిది ఒళ్లో. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కిపట్టాడు. యాభై. డెబ్బై. తొంభై. వెనకాల అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పెళపెళా పగులుతున్నాయి. అతను తిరిగి చూడలేదు.

ఆసుపత్రిలో "రోడ్డు పక్కన పడి ఉంటే తెచ్చాం" అని రాయించాడు. పెద్దాయన జేబులోని ఫోను తీసి నర్సు ఇంటికి కబురు చేసింది.

అరగంటలో ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పు.

"మా ఆయన్ని తెచ్చింది నువ్వేనట కదా నాయనా? నీ కడుపు చల్లగుండ."

ఆవిడ దణ్ణం పెట్టబోతే డ్రైవరు ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు వీపు వెనక దాచుకున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా రక్తం ఉంది.

గది తలుపు తెరుచుకుంది. డాక్టరు అతన్ని పక్కకి పిలిచాడు.

"ప్రాణం పోయిందండీ. వాళ్లవాళ్లెవరైనా వస్తే మెల్లిగా చెప్పండి."

డ్రైవరు తిరిగొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆవిడ కాళ్ల వంక, ఆ రెండు రకాల చెప్పుల వంక చూస్తున్నాడు.

ఆవిడే అతని భుజం పట్టుకుని బెంచీ మీద కూచోబెట్టింది.

"నువ్వేం బెంగపడకు. ఆయన గట్టి మనిషి, తట్టుకుంటాడు. నువ్వూ డ్రైవరువేనా నాయనా?"

తలూపాడు.

"అయితే వంతెన దగ్గరి కెమెరా నిన్నూ ఏడిపించే ఉంటుందిలే. దాని లెక్క తప్పంటూ పైవాళ్లకి రాసి ఉద్యోగం పోగొట్టుకున్నది మా ఆయనే. రేపు కోర్టులో మీ డ్రైవర్లందరి తరఫునా సాక్ష్యం చెప్పబోయేదీ ఆయనే."