ఆఖరి చుట్టు

"మ్యాచ్ అయిన మరుక్షణం షెడ్డుకు తాళం పడుతుంది. మీ ఎనిమిది మోటారు సైకిళ్ళూ నావి. సోమవారం నుంచి ఇక్కడ పరిగెత్తేది పందెం కుక్కలు," అన్నాడు ట్రాక్ యజమాని హెబ్డెన్, చేతిలో తాళం ఆడిస్తూ.

"ఇప్పుడే వేసుకోవచ్చుగా దొరా," అన్నాడు జట్టు కెప్టెన్ ఈనాక్.

"టికెట్లు కొన్నవాళ్ళు నా బెంచీలు విరగ్గొడతారు."

అదీ నిజమే. ఆ బళ్ళని క్లాగ్‌డెన్ మిల్లు కార్మికులు పని దిగాక రెండు చలికాలాలు కూర్చుని బిగించుకున్నారు. ఇంజన్లు వాళ్ళవి, కాలిన చేతులు వాళ్ళవి. తన ట్రాక్ మీద తిరిగే ప్రతి బండీ తనదేనని ఒప్పందంలో సన్న అక్షరాల్లో రాయించుకున్నాడు హెబ్డెన్. దొంగతనమే. కాగితం ఉంది కాబట్టి దాన్ని చట్టం అన్నారు.

"జట్టు పుట్టి ఏడాది కాలేదు. ఒక్కటీ గెలవలేదు. దేనికయ్యా ఈ పౌరుషం?"

"ఇవాళ గెలుస్తాం. తర్వాత వేసుకో నీ తాళం."

ఆఖరి రేసు. క్లాగ్‌డెన్ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. జట్టుకి ఇద్దరు చొప్పున నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు. మొదటివాడికి మూడు పాయింట్లు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి. అవతలి జట్టువాడొకడు మలుపులో జారిపడి బయటికి పోయాడు. ఈనాక్ జోడీ విల్ఫ్ మొదట వచ్చాడు, అవతలివాడు రెండోవాడు. లెక్క సమం. ఇక ఈనాక్ గీత దాటితే చాలు, ఆ ఒక్క పాయింటుతో గెలుపు.

అప్పటికే మూడో చుట్టు చివర్లో ఈనాక్ ఇంజను ఆగిపోయింది. అతను దిగి బండి తోయడం మొదలుపెట్టాడు.

ఎడమ కాలికి మలుపుల్లో నేలకి ఆన్చే ఇనప జోడు, కింద ట్రాక్ నిండా బొగ్గు చిట్టెం. అడుగు తీసి అడుగు వేయడానికి యుగం పడుతోంది. జనం లేచి నిలబడ్డారు.

"ఆపించవయ్యా ఈ తమాషా," రెఫరీ మీదికి ఎగిరాడు హెబ్డెన్.

"తోస్తున్నంతసేపూ రేసు నడుస్తున్నట్టే. రూలు."

మలుపులో ఈనాక్ ఆగి, నుదురు తుడుచుకుని, మళ్ళీ తోశాడు.

"నత్త నయంరా," అరిచాడు హెబ్డెన్.

"దొరగారికి టీ పట్రండే, ఎండకి సొమ్మసిల్లేట్టున్నారు," అంది మిల్లులో నేతపని చేసే ఏడా. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. హెబ్డెన్ మనుషులు కూడా కంచె పట్టుకుని ఈనాక్‌నే చూస్తున్నారు.

పావుగంటకి ఈనాక్ గీత దాటాడు. జెండా ఊగింది. క్లాగ్‌డెన్ గెలిచింది. మొదటిసారి, ఆఖరిసారి.

హెబ్డెన్ ఆ కేకలేవీ పట్టించుకోకుండా తాళంతో షెడ్డుకి పరిగెత్తాడు. లోపల నూనె మరకలు తప్ప ఏమీ లేవు. వెనక గోడకి నాలుగు చెక్కలు ఊడి ఉన్నాయి. దూరంగా రోడ్డు మీద ఏడు ఇంజన్ల చప్పుడు.

ముఖం మాడ్చుకుని తిరిగొచ్చి ఈనాక్ బండి వైపు వేలు చూపించాడు. "ఆ చచ్చిన బండైనా నాది. అక్కడ పెట్టు."

ఏడా, ఆమెతో వచ్చినవాళ్ళు గేటు బార్లా తీశారు. ఈనాక్ బండిని పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి, సీటు మీదికి ఎగిరి, క్లచ్ వదిలాడు.

ఆగిపోయిందనుకున్న ఇంజను మొదటి తోపుకే గర్జించింది.