ఇంకాస్త గట్టిగా

"హలో... డాక్టరు గారూ... హలో!"

ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసే మెకానిక్‌కి ఫోన్‌లో ఏమీ వినబడటం లేదు. తెర మీద డాక్టరు నంబరు కనబడుతోంది, సెకన్లు నడుస్తున్నాయి, మాట మాత్రం లేదు.

పది రోజులుగా ఈ ఒక్క ఫోన్ కోసమే అతను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య మెడ మీది గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. "కేన్సరో కాదో రిపోర్టు వస్తే గానీ చెప్పలేను" అని డాక్టరు అతన్నొక్కణ్ణే పక్కకి పిలిచి చెప్పాడు. అతను బయటికొచ్చి ఆమెతో, "ఏం లేదే, ఒట్టి కొవ్వు గడ్డేనట" అనేశాడు. అందుకే ఇప్పుడు ఫోన్ మోగగానే చేతిలోని స్క్రూడ్రైవర్ పారేసి, పనిగదికీ వంటింటికీ మధ్యనున్న తలుపు మూసి గడియ పెట్టాడు.

అటువైపు అప్పటిదాకా పాటలు మోగుతూనే ఉన్నాయి. అదీ అతని పనితనమే. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే ఆమె, "వంటింట్లోకి ఒక రేడియో కావాలి. బాగా గట్టిగా మోగాలి" అంది. అంతకుముందు రిపేరుకొచ్చిన రేడియో కాస్త కూసినా "ఆ గోల ఆపండి" అని కసిరే మనిషి! నోరు తెరిచి అడిగిందే చాలనుకుని, కార్లలో పెట్టుకునే చిన్న ట్రాన్స్‌మిటర్ డబ్బా ఒకటి బల్ల మీద బిగించి, తీగ అవసరం లేకుండా తన ఫోన్‌ని దానికి కలిపాడు. ఫోన్‌లో ఇంటర్నెట్ పాట పెడితే వంటింట్లోని పాత రేడియోలో పలుకుతుంది. గోడ దాటి పక్కింటికి కూడా పోదు. "ఇంకాస్త గట్టిగా రావాలండీ" అని ఆమె రోజూ అడుగుతుంటే, పిచ్చిది, పాటల్లో పడి గడ్డ సంగతే మరిచిపోయిందని మురిసిపోయాడు కూడా.

"కాస్త గట్టిగా చెప్పండి డాక్టరు గారూ, వినబడటం లేదు" అన్నాడు గొంతు తగ్గించి.

దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పరిస్థితి. అరిస్తే తలుపవతల ఆమె వింటుంది. అరవకపోతే డాక్టరు వినడు. ఫోన్‌ని ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాడు, తొడకేసి కొట్టాడు, ఉఫ్ ఉఫ్ అని ఊదాడు.

"ఇంకాస్త గట్టిగా... బాబ్బాబూ!"

ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే తెర మీద బిజీ అని పడింది. మళ్ళీ చేస్తే మళ్ళీ బిజీ. అందరి రేడియోలూ పలికించే తనకి, కావలసిన ఆ ఒక్క మాట దగ్గరే ఫోన్ మూగదైపోయిందేమిటని తల పట్టుకున్నాడు.

అప్పుడే తలుపు మీద దబదబా చప్పుడయింది. వెళ్ళి గడియ తీశాడు. గుమ్మంలో ఆమె, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మసిగుడ్డ. వెనక వంటింట్లో ఎక్కడో ఆగిపోయిన పాట మళ్ళీ అందుకుంది.

"డాక్టరు గారు రేడియోలో మాట్లాడారు" అంది ఆమె.

"ఏ డాక్టరు?"

"మన డాక్టరే. పాట ఆగిపోయి ఆయన గొంతు సన్నగా వచ్చింది, రేడియోకి చెవి ఆనించి విన్నాను. మీకు వినబడలేదేమో, పాపం ఒకటే మాట మూడుసార్లు అరిచారు."

అతను గిరుక్కున బల్లవైపు తిరిగాడు. డబ్బా మీద నీలం దీపం మిణుకు మిణుకుమంటోంది. పాటలు పోయే దారినే డాక్టరు మాటా పోయింది! ఎవరి చెవిన పడకూడదని తలుపుకి గడియ పెట్టాడో, తిన్నగా ఆ చెవిలోనే పడింది. పైగా ఆ కబురేమిటో ఇప్పుడు ఆమెనే అడగాలి.

"ఏ... ఏమన్నారు?"

"కేన్సర్ కాదట. మీరన్నట్టే ఒట్టి కొవ్వు గడ్డేనట. సోమవారం కుట్లు తీయించుకోవడానికి రమ్మన్నారు."

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"కేన్సర్ కాదటండీ."

"ఇంకాస్త గట్టిగా చెప్పవే!"

"కాదూ అంటుంటే!"

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న ఫ్యాను పెట్టె మీద కూలబడి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆమె చేతిలోని మసిగుడ్డతోనే అతని మొహం తుడిచింది. తుడిచిన చోటల్లా మసి అంటుకుంది. ఇద్దరికీ అది పట్టలేదు.

"నీ దగ్గర దాచానే. తెలిస్తే బెంగపెట్టుకుంటావని..."

"సర్లెండి. అయిపోయిందిగా."

"అయిపోయింది! నీకేం తెలియకుండానే గండం గట్టెక్కింది" అంటూ అతను హుషారుగా లేచి ఫోన్ అందుకున్నాడు. "ఉండు, నీకోసం మంచి పాట పెడతాను. ఇల్లు ఎగిరిపోయేంత గట్టిగా!"

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇక ఆ గోల ఆపండి మహానుభావా! పది రోజులుగా వంటింట్లో నేను ఏడుస్తుంటే మీకు వినబడకూడదనే కదా, అంత గట్టిగా పెట్టించుకుంది."