మూడో పలక

“మా నాన్న ఎక్కి చూడకుండా ఈ కారుకి ఒక్క చక్రం కూడా బిగించడానికి వీల్లేదు,” అంది కూతురు, చక్రాల షాపు నడిమధ్యలో నిలబడి.

అల్లుడి కళ్ళు గోడకి వేలాడుతున్న నల్లటి పెద్ద చక్రం మీదే ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో భార్య వంక కూడా అంతసేపు చూసి ఉండడు.

ఆ సైజు వేస్తే కారు ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగితే మోకాళ్ళు అరిగిపోయిన మామగారు ఎక్కలేరు. ఎక్కలేకపోతే ఆదివారం సముద్రం చూడ్డానికి రాలేరు, ఆ తర్వాత ఇంకెక్కడికీ రాలేరు. పేచీ అక్కడే వచ్చింది. ఆయనేమో సముద్రం కోసమని కొనుక్కున్న టోపీని అప్పుడే పెట్టుకుని వచ్చేశారు.

మామగారు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. కారు బయల్దేరిందంటే ముందు సీటు ఆయనది. కూతురు వెనకాల, సామాన్ల పక్కన ఇంకో సామానులా కూర్చుంటుంది. క్లచ్చి తొక్కమనీ, అద్దం చూడమనీ, ఆ లారీవాడు నీకు చుట్టమా అంత దగ్గరికి పోతున్నావనీ దారి పొడుగునా చెబుతూ, తన కాళ్ళ దగ్గర లేని బ్రేకుని ఆయన తొక్కుతూనే ఉంటారు. తొక్కీ తొక్కీ కింది మ్యాటుకి చిల్లి పడింది. ఇంకో ఏడాది తొక్కితే రోడ్డు కనపడేలా ఉంది.

షాపు యజమాని ఓపిగ్గా విడమరిచాడు. రిమ్ము పెద్దదై టైరు పల్చనైతే ఎత్తులో పెద్ద తేడా రాదు, రిమ్ముతో పాటు టైరూ మందమైతేనే కారు లేస్తుంది. అల్లుడికి ఆ మందందే కావాలి. మైలేజీ పడిపోతుందనీ, స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుందనీ, స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టాల్సి వస్తుందనీ యజమాని చెప్పాడు. అల్లుడు అన్నిటికీ తలూపాడు, చూపు మాత్రం గోడ మీంచి దించలేదు.

“సరే, పలకలేసి చూద్దాం,” అన్నాడు యజమాని.

ఆ షాపు పద్ధతి అది. కొత్తవి బిగించకముందే పాత చక్రాల కింద చెక్కపలకలు పేర్చి, కారుని వాటి మీదికి ఎక్కించి, ఎత్తు ఎలా ఉంటుందో చూపిస్తారు. ఒక పలకంటే ఒక సైజు పెద్దది. మూడు పలకలంటే గోడ మీదున్నది.

మొదటి పలక. మాస్టారు తేలిగ్గానే ఎక్కి కూర్చుని, అలవాటుకొద్దీ అద్దం సర్దారు. తాను లారీలు ఎక్కినవాణ్ణని పనివాళ్ళందరికీ వినపడేలా చెప్పారు.

రెండో పలక. అల్లుడు చెయ్యి అందించబోతే కూతురు ఆపింది.

“పట్టుకోకండి. రోజూ పట్టుకోవడానికి ఎవరుంటారు? ఆయనంతట ఆయన ఎక్కాలి.”

మాస్టారు తలుపు పట్టుకున్నారు, సీటు పట్టుకున్నారు, పట్టుకోవడానికి ఇంకేమీ లేక కాస్త గాలి కూడా పట్టుకున్నారు. మోకాలు చేసిన చప్పుడికి పక్క షాపువాడు తొంగి చూశాడు. మొత్తానికి ఎక్కారు. చెమట తుడుచుకుంటూ, హాయిగా ఉందన్నారు.

అల్లుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి మెత్తబడ్డాడు. ఈ ఎత్తు చాలు, మామయ్యగారికీ కుదిరింది, ఇదే ఖాయం చేసేద్దాం అన్నాడు. కూతురు ఒప్పుకోలేదు.

“మూడోది చూడకుండా వస్తే ఆ గోడ మీది చక్రాన్ని తల్చుకుని జీవితాంతం నిట్టూరుస్తారు మీరు. అదీ తేల్చెయ్యండి. నాన్నా, ఇంకొక్కసారి ఎక్కు.”

యజమాని కళ్ళు చెమర్చాయి. తన ఇద్దరు కూతుళ్ళూ తనని కనీసం భోజనం చేశావా అని అడిగినవాళ్ళు కాదని, కూతురంటే ఇలా ఉండాలని, టైరుకి గాలి కొడుతున్న వాడికి చెప్పుకున్నాడు.

మూడో పలక. మాస్టారు కాలెత్తారు. కాలు సగం దూరం వెళ్ళి, ఆలోచించుకుని, వెనక్కి వచ్చేసింది. రెండోసారి ఇంకాస్త ముందే ఆలోచించుకుంది. మూడోసారి ఆయన పట్టు జారి, వెనకున్న టైర్ల దొంతర మధ్య ఖాళీలో కూలబడ్డారు. బయటికి లాగడానికి ఇద్దరు పనివాళ్ళు కావాల్సొచ్చింది.

“వెనక తలుపు నుంచి చూడు నాన్నా,” అంది కూతురు.

చూశారు. అదీ కాలేదు.

“మోకాళ్ళు ఇవాళ కాస్త పట్టేశాయి తల్లీ. ఆదివారానికి వదుల్తాయిలే,” అన్నారు మాస్టారు. పొద్దుట్నుంచి ఆయన ఇంకెవరికీ వినపడకుండా అన్న మాట అదొక్కటే.

కూతురు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. కింద పడ్డ టోపీ దులిపి తలకి పెట్టింది. అల్లుడు గోడ మీది చక్రానికి మనసులోనే వీడ్కోలు చెప్పి, మామయ్యగారు లేకుండా ఎక్కడికి వెళ్తాం, రెండు పలకల సైజే తియ్యండి అన్నాడు. నిజంగానే అన్నాడు. యజమాని లోపలికి వెళ్ళి ఆ సైజు చక్రాలు దొర్లించుకొచ్చాడు.

కూతురు యజమాని పక్కకి వచ్చి, నాన్న కుర్చీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఇవి లోపల పెట్టెయ్యండి. వెనక తలుపు నుంచి కూడా ఎక్కలేకపోయారు, చూశారుగా. గోడ మీదవే బిగించండి.”